సున్నా రాసిన మిల్లు

అనూష బొమ్మలు గీసుకునే నోటుబుక్కులో చివరి పేజీలు దర్శినివి. మూడున్నరేళ్ళ పిల్ల ముందు నుంచి కోళ్ళనూ బస్సులనూ గీసుకుంటూ వస్తుంటే, తల్లి వెనక నుంచి గళ్ళు గీసుకుంటూ వస్తోంది. గళ్ళలో రాసేవి తెలుగు మాటలే, అక్షరాలు మాత్రం తమిళం. చుట్టూ తమిళమే వినబడే పీళమేడులో, ఆ పాత వీధిలో అందరికీ అంతే. ఇంట్లో నాలుక తెలుగుది, బడిలో చెయ్యి తమిళానిది. ఆ బడి కూడా దర్శినికి పదకొండో తరగతి సగంలోనే ఆగిపోయింది. లెక్క పెట్టడానికి ఆ మాత్రం చదువు చాలుననుకుంది.

గళ్ళు నాలుగు. కంపెనీ. అందులో పనిచేసేవాళ్ళు ఎంతమంది. ఏడాదిలో ఎన్నిసార్లు దెబ్బలు తగిలాయి. ఎంతమందికి జబ్బు చేసింది.

ఇదంతా మొగుడి కోసం. శరవణ ఎనిమిదేళ్ళు అవినాశి పక్కన బనియన్ గుడ్డకు రంగులద్దే కంపెనీలో పనిచేశాడు. అక్కడ అతనికి వేలు తెగలేదు, ఎముక విరగలేదు. రంగు తొట్ల ఆవిరి మాత్రం ఎనిమిదేళ్ళూ ఛాతీలోకి పోయింది. తెల్లవారుజామున అతను ఊపిరి తీస్తుంటే పక్కింటి పిల్లిపిల్ల మన మంచం కింద దూరిందా అనిపించేది. ఆ పని మానకపోతే మందు మింగీ లాభం లేదన్నాడు డాక్టరు. మానేశాడు.

ఇప్పుడు రెండు చోట్ల పని ఉంది. ఒకటి గణపతి పక్కన పంపుల విడిభాగాలు పోతపోసే ఫౌండ్రీ. అందులో దర్శిని అన్న ఉదయకుమార్ స్టోర్సు చూస్తాడు. రెండోది అవినాశి రోడ్డు మీద కృష్ణస్వామి నూలు మిల్లు. కృష్ణస్వామి వాళ్ళ కులంవాడు, దూరపు చుట్టం, వీధి మొత్తానికి పెద్దమామ. శుక్రవారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు రెండు చోట్లా.

దర్శిని తాడు కనిపిస్తే పామేననుకుని ముందే అడుగు వెనక్కి వేసే మనిషి. పిల్ల రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది. అలాంటి మనిషి మూడు రోజులపాటు, కరివేపాకు కావాలనీ జల్లెడ కావాలనీ వంక పెట్టుకుని, వీధిలో ప్రతి గడపా తొక్కింది. మీ ఆయన ఎక్కడ పని, పోయిన ఏడాది ఏమైనా తగిలిందా, ఎన్నాళ్ళు ఇంట్లో ఉన్నాడు. అడగడం, ఇంటికొచ్చి గళ్ళలో వేసుకోవడం.

బుధవారం సాయంత్రం ఉదయకుమార్ వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"మేము నలభై రెండు మందిమి ఉండాము. పోయిన ఏడాది పుస్తకంలోకి ఎక్కింది పంతొమ్మిది తడవలు."

"పంతొమ్మిదా అన్నా?"

"ఊఁ. ఏమేమి తగిలిందో కూడా చెబుతా, రాసుకో."

"వేండా. పంతొమ్మిది చాలు."

"అట్ల కాదమ్మా. చుమ్మా ఉత్త అంకె చూసి ఏమి తెలుస్తాది? నూరుమందికి ఎంత పడుతుందో చూడాల మొదట. పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. ఆపైన ఆ తగిలింది ఏమిటో చూడాల."

మొదటి మాట పట్టుకుంది దర్శిని, రెండోది వదిలేసింది. సెల్‌ఫోనులో భాగించుకుంది. రంగుల కంపెనీలో నూరుమందికి దెబ్బలు మూడు, జబ్బులు ముప్ఫై ఎనిమిది. ఫౌండ్రీలో నూరుమందికి దెబ్బలు నలభై అయిదు. అంటే ఇద్దరిలో ఒకరికి కాస్త తక్కువ.

ఇక మిల్లు. మిల్లు టైమ్‌కీపరు రాజ్‌మోహన్ వీధి చివరింటివాడు, శరవణకు చిన్నమ్మ కొడుకు. పాల బూతు దగ్గర పట్టుకుంది.

"సున్నా వదినా," అన్నాడు పాల ప్యాకెట్లు సంచిలో వేసుకుంటూ. "నూట ముప్ఫై మంది, మూడేళ్ళు, ఒక్క ప్రమాదం లేదు. గేటు కాడ బోర్డే పెట్టినాము."

"జబ్బులో తంబీ?"

"అదీ సున్నానే. మా మిల్లులో ఎవరూ జబ్బు పడరు. పడేదానికి టైమ్ యాడుండాది?"

దర్శిని నవ్వలేదు. ఇంటికి వచ్చి గడిలో సున్నా వేసి, చుట్టూ ఇంకో గీత గీసింది.

శరవణ ఆ పేజీ వంక చాలాసేపు చూశాడు. "నాకేమో ఫౌండ్రీనే మేలని తోస్తాది. నిన్న పోయి చూసి వస్తిని. బూట్లు, కళ్ళద్దాలు, మూతికి మాస్కు ఇస్తారు. అవి లేకుండా లోపల కాలు పెట్టనియ్యరు."

"అవన్నీ ఏమిటికి ఇస్తారు? అపాయం ఉండాది కాబట్టే దాన్."

"మిల్లులో ఏమీ ఇయ్యరు."

"అపాయం లేదు కాబట్టి ఇయ్యరు."

శరవణ తల అడ్డంగా ఆడించాడు, వద్దన్నట్టు. దర్శిని పిల్లను తెచ్చి అతని ఒడిలో కూర్చోబెట్టి, దాని తల మీద అతని చెయ్యి పెట్టింది. "మిల్లుకే పోతానని చెప్పండి. నాకు నిద్ర పడుతుంది." శరవణ చెప్పాడు.

మొదటి వారం అతన్ని ఊడ్చే పనిలో పెట్టారు, చూసి నేర్చుకోమని. తరవాతి సోమవారం నుంచి కార్డింగ్ యంత్రం మీద అన్నారు. దూదిని ఏకి, తెరలాగా పరిచి, తాడులాగా వదిలే యంత్రం అది. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు షిఫ్టు. ఆ సోమవారమే గాంధీపురం పక్క కల్యాణ మండపంలో బాలసుందరం కూతురికి చెవులు కుట్టే వేడుక. బాలసుందరం కూడా మిల్లు మనిషే, వరసకు దర్శినికి అన్న అవుతాడు. అతనూ మిల్లువాళ్ళు చాలామందీ మిల్లు వెనక ఇళ్ళలోనే ఉంటారు, దర్శిని వాళ్ళను చూసి మూడేళ్ళు దాటింది. వేడుకకు శరవణకు సెలవు దొరకలేదు. దర్శిని పిల్లను చంకనేసుకుని ఒక్కతే వచ్చింది.

పదకొండున్నరకు మొదటి పంక్తి వేశారు. వాళ్ళ విందుల్లో కూలికి వచ్చినవాళ్ళు వడ్డించకూడదు. వంట ఎవరు చేసినా, విస్తట్లో పెట్టే చెయ్యి చుట్టానిదే అయివుండాలి. సొంత మగవాళ్ళు తువ్వాలు నడుముకు చుట్టి బకెట్లు పట్టుకుంటారు. విస్తరి ముందు కూర్చున్న ఆడదానికి వాళ్ళ మొహాలు కనబడవు. తల వంచుకుని ఉంటుంది కదా, చేతులే కనబడతాయి.

మొదట ఉప్పు వచ్చింది. తరవాత అప్పడం వచ్చింది. అప్పడం పెట్టిన చేతికి బొటనవేలు సగమే ఉంది.

దర్శిని పిల్లకు అప్పడం ముక్క విరిచి ఇచ్చింది. కూర వడ్డించిన చేతికి చిటికెన వేలు లేదు. ఆ వేలు ఉండాల్సిన చోట చర్మం మెరుస్తోంది, కాల్చిన వంకాయ తోలులాగా. పుట్టుకతోనే అలా ఉందేమో, ఎవరి రాత వాళ్ళది అనుకోబోయింది. పప్పు చెయ్యి బాగానే ఉంది. రసం చెయ్యి బాగానే ఉంది, మణికట్టు నుంచి మోచేతి దాకా మెలిక తిరిగిన మచ్చ తప్ప.

పాయసం బకెట్టుతో బాలసుందరమే వచ్చాడు. బిడ్డ తండ్రి కదా, తీపి అతనే వడ్డించాలి. కుడిచేతి చూపుడు వేలూ నడిమి వేలూ మొదళ్ళ దాకా లేవు. గరిటె జారకుండా మణికట్టుకు తువ్వాలుతో కట్టుకున్నాడు. ఎడమచేత్తో వడ్డిస్తే అమర్యాద.

"ఇంకొంచెం వెయ్యనా అమ్మా?" అన్నాడు.

దర్శిని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. పక్క విస్తరి ముందు బాలసుందరం తల్లి లక్ష్మమ్మాళ్ కూర్చుని ఉంది. మనవరాలి వేడుక, మొహం పచ్చగా వెలుగుతోంది. దర్శిని ఆమె వైపు వంగి, "పెద్దమ్మా, అన్న చేతికి ఏమైంది?" అని అడిగింది.

"నీకు తెలీదా? కార్డింగ్‌లో పోయినాయి కదా. రెండేళ్ళు ఆయె."

"ఏ కార్డింగ్?"

"ఏదేమిటి, మన మిల్లే దాన్. పెద్దమామ సొంత కారులో పిలుచుకొనిపోయినాడు ఆస్పత్రికి. ఒక పగలంతా నా పక్కనే కూర్చున్నాడు, కాఫీ నీళ్ళు కూడా తాగలేదు. ఎవరు చేస్తారు అట్ల? ఈ పొద్దు పాప చెవులకు పెట్టిన పోగులు కూడా ఆయన పంపించినవే."

"మిల్లులో మూడేళ్ళుగా ప్రమాదమే లేదని రాసుండాదే పెద్దమ్మా."

లక్ష్మమ్మాళ్ ఆమెను వింతగా చూసింది, అన్నం ఎందుకు ఉడుకుతుందని అడిగినట్టు. "మనది మనం రాసుకుంటామా? మన ఇంట్లో పాలు పొంగితే వీధిలో దండోరా వేస్తామా? రాస్తే ఆఫీసరు వస్తాడు, మిల్లు పేరు పోతాది. మనవాళ్ళ మిల్లు పేరు పోతే మన పేరు పోయినట్టు కాదా?"

"అప్పడం పెట్టినాయన, కూర వడ్డించినాయన..."

"అందరూ మిల్లువాళ్ళే. షిఫ్టు లేనివాళ్ళు వచ్చినారు, పాపం."

దర్శిని తలెత్తి పంక్తి ఆ చివర నుంచి ఈ చివరికి చూసింది. వడ్డించేవాళ్ళు తొమ్మిదిమంది. దెబ్బతిన్న చేతులు నలుగురివి ఇప్పుడే చూసింది. మిగతావాళ్ళవి చూడడానికి ధైర్యం చాలలేదు. మూడు రోజులు గడప గడపా తిరిగి రాసుకున్న లెక్క ఒక అరటాకు మీద తప్పయిపోయింది.

బాలసుందరం తిరిగి వస్తుంటే దర్శిని పిల్లలు కొంగు పట్టుకున్నట్టు అతని తువ్వాలు పట్టుకుంది. "అన్నా, మా ఆయన ఈ పొద్దు కార్డింగ్ మీద ఉండాడు. ఎట్ల తెగింది నీకు? నిజం చెప్పు."

అతను తల్లి వైపు ఒకసారి చూసి, బకెట్టు కింద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. "రోలరుకు దూది చుట్టుకుంటాది అమ్మా, షిఫ్టుకి నాలుగైదు తడవలు. తలుపు తెరిస్తే మెషిన్ దానంతట అదే ఆగాల. కానీ ఆగితే మళ్ళీ దూది తాడు కుదిరేదానికి పదినిమిషాలు పడుతుంది. అందుకని ఆగకుండా స్విచ్చిని కంబితో కట్టేసుంటారు. తిరుగుతాంటేనే చెయ్యి పెట్టి తీసెయ్యాల. అందరూ అట్లే తీస్తారు. చెయ్యి ఉపాయం తెలిస్తే ఏమీ కాదు."

"ఆయనకి తెలుసా ఉపాయం?"

బాలసుందరం బకెట్టు తీసుకుని లేచాడు.

పంక్తి ముగియకుండా విస్తరి ముందు నుంచి లేవడం వాళ్ళలో చావు వార్త వస్తే తప్ప చెయ్యరు. దర్శిని లేచింది. పాయసం మూతి పిల్లను చంకనేసుకుని, చెయ్యి కడుక్కోకుండా మెట్లు దిగింది. వెనక లక్ష్మమ్మాళ్ "ఏమి పిల్ల ఇది, ఏమి కొంప మునిగింది?" అనడం వినబడింది.

శరవణకు ఫోను చేసింది, మోగుతూనే ఉంది. మోగుతుంది, లోపలికి పోయేముందు గేటు దగ్గర పెట్టెలో వేసి పోవాలి. నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ అది ఎవరూ ఎత్తకుండా ఆ పెట్టెలోనే మోగింది.

అవినాశి రోడ్డు బస్సు నిండా మనుషులు. ఎవరో లేచి చోటిచ్చారు. తను పంపింది అతన్ని. పిల్ల తల మీద చెయ్యి పెట్టించి పంపింది. ఆ చెయ్యే ఇప్పుడు రోలరు మీద ఉంది. అన్నకు ఫోను చేసింది.

"అన్నా, ఆ పంతొమ్మిది ఏమేమి? ఇప్పుడు చెప్పు."

"ఏడ ఉండావు నువ్వు? బస్సా?"

"చెప్పన్నా."

ఉదయకుమార్ పుస్తకం తిప్పుతున్న చప్పుడు వచ్చింది. "కంట్లో ఇసుక, ఎనిమిది తడవలు. చెయ్యి కాలి బొబ్బ, ఆరు. మేకు గుచ్చుకున్నది మూడు. ఒకడు మెట్ల మీద జారినాడు, నడుము పట్టింది. ఒకటి మాత్రం పెద్దది, అచ్చు మీదపడి కాలు విరిగింది. మూడు నెలలు ఇంట్లో ఉండాడు, మళ్ళీ వచ్చినాడు. వేలు పోయినవాడు ఒక్కడూ లేడు."

"అందరూ రాస్తారా?"

"కంట్లో నలుసు పడితే కూడా రాయాల. రాయకపోతే నాకు తిట్లు. దర్శినీ, ఇది దేవుడి గుడి ఏమీ కాదు. ఇసుక దుమ్ముకి ఊపిరితిత్తులు పోయిన ముసలాయన ఒకడు ఉండాడు మాకు. ఏడాదికి ఒకసారి అందరికీ ఎక్స్‌రే తీస్తారు అందుకే."

ఫోను పెట్టేసింది. నలభై అయిదులో ఉన్నవి నలుసులూ బొబ్బలూ. సున్నాలో ఉన్నవి వేళ్ళు. వడ్డించే చేతుల్ని ఎవరూ పుస్తకంలో చూసి లెక్కపెట్టలేరు.

మిల్లు గేటు పక్కన కిటికీలో రాజ్‌మోహన్ టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"వదినా! ఫంక్షన్ కాడ కదా ఉండాల్సింది. పాపకి ఒళ్ళు బాగలేదా?"

ఎంత మంచి అబద్ధం, అడగకుండానే చేతికి అందించాడు. ఊఁ అంటే చాలు, శరవణ బయటికి వచ్చేస్తాడు. కానీ రేపు మళ్ళీ లోపలికి పోతాడు.

"పాప బాగుండాది. మీ అన్నను పిలువు తంబీ."

"రెండు గంటలకి వదులుతారు కదా. ఇంకా గంటన్నర."

"ఇప్పుడు పిలువు."

"గేట్ పాస్‌లో కారణం రాయాల వదినా."

"రాయి. పెళ్ళానికి భయం అని రాయి."

రాజ్‌మోహన్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

"సున్నా అని చెప్పితివే నాకు."

"అబద్ధం చెప్పలేదు. పుస్తకంలో ఉండేది సున్నానే."

"బాలసుందరం అన్న వేళ్ళు ఏ పుస్తకంలో ఉండాయి?"

అతను డబ్బా మూత మెల్లగా పెట్టేశాడు. "అది మన ఇంటి సంగతి కదా వదినా," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

అప్పుడే దూది గోడౌను వైపు నుంచి కృష్ణస్వామి నడిచి వస్తున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, భుజం మీద జరీ అంచు ఉత్తరీయం. ఆయనా విందుకే బయల్దేరుతున్నాడు. అనూషను చూసి నిలబడి దాని మూతికి అంటిన పాయసం తన ఉత్తరీయంతో తుడిచాడు.

"ఏమి కణ్ణు, తిన్నావా? ఏమ్మా దర్శినీ, నేను పోకముందే నువ్వు వచ్చేస్తివే?"

"మా ఆయనను ఆ మెషిన్ మీద నుంచి తీసెయ్యండి పెద్దమామా."

"ఎందుకమ్మా?"

"నలుగురి చేతులు చూస్తిని విస్తరి కాడ. ఒక్కటీ మీ పుస్తకంలో లేదంట."

కృష్ణస్వామి కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. ఇంటి ఆడపిల్లకు కథ చెప్పినట్టు చెప్పాడు. "బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మనకాడ అరవైమంది ఉండారు. వాళ్ళని మెషిన్ల కాడికి పంపను. మూటలు దించుతారు, ఊడుస్తారు. వాళ్ళకి ఏదైనా అయితే పుస్తకంలో రాయాల, వాళ్ళకి ఇంకెవరు దిక్కు? మెషిన్ నమ్మకం పని. అది మనవాళ్ళకే ఇస్తాను. మనవాడికి దెబ్బ తగిలితే నేనుండాను, నా కారుండాది, నా ఇల్లుండాది. మనవాడి పేరు పుస్తకంలో ఎక్కిస్తే, వాడిని పరాయివాడిని చేసినట్టు కాదా?"

ఆయన మాటలో కల్మషం లేదు. అదే దర్శినిని భయపెట్టింది. ఈ పెద్దాయన నిజంగానే ఆస్పత్రిలో పగలంతా కూర్చుని ఉంటాడు. రేపు శరవణ పక్కన కూడా కూర్చుంటాడు, కాఫీ తాగకుండా.

"అట్లయితే ఆయనను పరాయివాళ్ళ లెక్కలో పెట్టండి పెద్దమామా."

కృష్ణస్వామి ఉత్తరీయం సర్దుకున్నాడు. వీధిలో ఎవరూ ఆయనతో ఇలా మాట్లాడి ఉండరు, అందులో కోడలు వరస పిల్ల. "వాణ్ణే అడుగుదాం," అన్నాడు చివరికి. "పిలువు రాజ్‌మోహన్."

శరవణ వచ్చాడు. తల మీదా కనుబొమల మీదా దూది నుసి, ముసలితనం వచ్చేసినట్టు. దర్శిని మొదట చూసింది చేతుల్ని. ఎడమచేతి చూపుడు వేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. దాని మీద గోరంత ఎర్రమరక. అతను ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ భార్య భయపడుతోంది శరవణా," అన్నాడు కృష్ణస్వామి. "నీకు భయమా?"

గేటు దగ్గర నలుగురు పనివాళ్ళు అప్పటికే పోగయ్యారు. అందరూ చుట్టాలే. ఆ ప్రశ్నకు ఆ నలుగురి ముందు మగవాడికి ఒకటే జవాబు ఉంటుంది.

"లేదు మామా."

"చూస్తివా అమ్మా," అన్నాడు కృష్ణస్వామి, దయగానే. కారెక్కి విందుకు వెళ్ళిపోయాడు.

"ఇంటికి పో," అన్నాడు శరవణ పళ్ళ మధ్య నుంచి. "పరువు తీస్తివి. మిల్లుకు పొమ్మన్నదీ నువ్వే, వద్దనేదీ నువ్వే."

"నేనే దాన్ పంపిస్తిని. నాకు తప్పు లెక్క వచ్చింది." ఆమె అతను వెనక దాచుకున్న చేతి వైపు చూసింది. "దూది చుట్టుకుంటే ఆపి తియ్యండి. ఆ కంబి విప్పి, ఆపి తియ్యండి. అంతకంటే ఏమీ అడగను."

అతను వెనక్కి తిరిగాడు. అతని ఊపిరి గేటు దాకా వినబడింది, పిల్లికూతలాగా.

దర్శిని ఇంటికి పోలేదు. గేటు పక్క సైకిళ్ళ కొట్టం నీడలో పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఒంటిగంట కావడానికి పదినిమిషాలు. కార్డింగ్ షెడ్డు ఆ గోడకు ఆనుకునే ఉంది. గోడ మీద వీపు ఆనించితే యంత్రాల మోత వెన్నెముకలోకి ఎక్కుతోంది. అయిదో ఆరో యంత్రాలు, అన్నీ కలిసి ఒకే హోరు.

ఒకటీ పదికి ఆ హోరులో ఒక పోగు తెగింది. ఒక యంత్రం ఆగింది.

ఆమె పిల్లను గట్టిగా పట్టుకుంది. ఎందుకు ఆగింది? ఆపారా, ఆగిందా? దూది తీయడానికా, చెయ్యి తీయడానికా? లోపల నుంచి ఎవరైనా అరుస్తారేమోనని విన్నది. ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, మాటలు తెలియడం లేదు. పదినిమిషాలకు మళ్ళీ మొదలైంది.

ఒకటిన్నరకు మళ్ళీ ఆగింది, రెండు కావస్తుండగా మూడోసారీ ఆగింది. ఆగితే భయం, ఆగకపోతే అంతకంటే భయం. పిల్ల ఆకలంటే పక్క బడ్డీ కొట్లో బన్ను కొనిచ్చింది, కొనడానికి లేచిన ఆ రెండు నిమిషాలూ వీపు గోడకు ఆనకపోవడం ఏదో అపరాధంలాగా తోచింది. రాజ్‌మోహన్ కిటికీలో నుంచి నీళ్ళ సీసా అందించాడు.

రెండింటికి సైరన్ మోగింది.

గేటు పక్క చిన్నతలుపు తెరిచారు. మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు, పెట్టెలో నుంచి ఫోన్లు తీసుకుంటున్నారు. దర్శిని మొహాలు చూడలేదు. చేతులు చూసింది. అయిదు, అయిదు. అయిదు, నాలుగు. అయిదు, అయిదు. మూడు, అయిదు. కొందరు ఆమె చూపు ఎక్కడుందో గమనించి చేతులు జేబుల్లో దోపుకున్నారు. ఎవరి వేళ్ళు అయినా తన మొగుడివేనేమో అన్నంత ఆత్రంగా వాటినే చూసింది. శరవణ రాలేదు. గుంపు పలచబడింది. రాలేదు.

చివరికి వచ్చాడు. భుజాన సంచి, రెండు చేతులూ బయట. అయిదు, అయిదు. గుడ్డ పీలిక మీద మరక పెరగలేదు.

అతను వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటి బస్టాపుకు వచ్చారు.

"ఎన్నిసార్లు ఆపినారు?" అంది దర్శిని.

"మూడు తడవలు. కంబి విప్పేసి కింద పడేస్తిని. సూపర్‌వైజరు మొదటిసారి తిట్టాడు. రెండోసారి అందరినీ పిలిచి తిట్టాడు. మూడోసారి మాట్లాడలేదు, ఫోను చేసి ఎవరికో చెప్పినాడు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "రేపటి నుంచి మూటల పక్క పొమ్మన్నారు. బయటివాళ్ళతో పాటు. నువ్వే అడిగినావంట కదా, పరాయివాడిగా పెట్టుకోమని."

"అడిగితిని."

"మూటల దుమ్ము నా ఛాతీకి పడదు. రానని చెప్పేసి వచ్చితిని."

"చుట్టాలు ఏమంటారో?"

"ఇకమీద వడ్డించేదానికి నన్ను పిలవరు." ఎందుకో ఆ మాటకు అతనికే నవ్వు వచ్చింది, వచ్చిన నవ్వు దగ్గయింది. "పొద్దున్న, నువ్వు రాకముందు, రెండుసార్లు తిరుగుతాంటేనే చెయ్యి పెట్టితిని దర్శినీ. రెండోసారి గోరు తగిలింది. అప్పుడు కూడా తియ్యడం ఆపలేదు, అందరూ చూస్తాండారు కదా. మీ అన్నకి ఫోన్ చెయ్యి. ఆ చోటు ఇంకా ఉండాదేమో అడుగు."

చేసింది. ఉదయకుమార్ అటు నుంచి చాలాసేపు చెప్పాడు. ఆమె ఊఁ, ఊఁ అంటూ విన్నది. అనూష తండ్రి కనుబొమల మీది దూది పీకి గాలిలోకి వదులుతోంది.

"చోటు ఉండాదంట," అంది ఫోను దించి. "కానీ ముందు ఛాతీకి ఎక్స్‌రే తీస్తారంట. బాగా లేకుంటే ఇసుక పక్కకి పంపరంట. అసలు తీసుకోకపోయినా పోవచ్చునంట."

"తీయనీ."

"అందులో ఏమి కనిపిస్తే అది మీ పేరు కింద రాస్తారంట. చెడ్డది కనిపించినా."

శరవణ బస్సు వచ్చే వైపు చూస్తూ పిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"రాయనీ," అన్నాడు.